మధ్యగదికి రెండు తలుపులు

లాప్‌టాప్ తెరమీద పాప కుర్చీ ఖాళీగా ఉంది.

కుర్చీ ఇంకా ఊగుతూనే ఉంది. లేచి వెళ్లిపోయిన పిల్ల విసురు కొంచెం అందులో మిగిలింది.

"పాపా, వెళ్లకమ్మా" అంది టీచరు. కానీ అవతలి గదిలోకి ఆ మాట అలా వెళ్లలేదని ఆమెకి తెలుసు. "పా... పా... పా..." అని ముక్కలు ముక్కలుగా వెళ్లి ఉంటుంది. ఇందాకటి నుంచీ అలాగే వెళుతోంది.

నత్తి ఉన్న పిల్లలకి మాట సాఫీగా రావడం నేర్పడం ఆమె పని. వీధిలో అందరూ ఆమెని మాటల టీచరు అంటారు. ఈ పాప ఆమె దగ్గర చేరి చాలా నెలలైంది. మొదట్లో తెరముందు కూర్చోడానికే భయపడి తల్లి చీర కొంగులో మొహం దాచుకునేది. ఇవాళ మొదటిసారి, ఎవరూ అడక్కుండానే, తనంతట తనే ఒక కథ చెప్పడం మొదలెట్టింది. "బ... బ... బాతు" అంది. టీచరు ముచ్చటపడి "బాతు. తర్వాత?" అంది.

అవతల వినిపించింది మాత్రం "బ... బ... బ... బాతు".

పాప మొహం ఎర్రబడింది. టీచరు కంగారుపడి "నేను కాదమ్మా, ఇంటర్నెట్టు" అంది. అది "నే... నే... నే..." అని వెళ్లింది. పాప లేచిపోయింది.

ఆ ఊగుతున్న కుర్చీలోకి ఇప్పుడు తల్లి వచ్చి కూర్చుంది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"స్కూల్లో పిల్లలు ఏడిపిస్తున్నారనే కదండీ మీ దగ్గర చేర్పించాం. మీరూ వెక్కిరిస్తే దాన్ని ఇంకెక్కడికి తీసుకెళ్లమంటారు?"

తప్పు తనది కాదనీ, వైఫై అలా చేస్తోందనీ టీచరు చెప్పబోయింది. ఆ సంజాయిషీ కూడా నత్తిగానే వెళ్లింది. తల్లి కాసేపు విని, తల అడ్డంగా ఊపి, తెర ఆపేసింది.

గది మూల అలమరలో తెల్లగా, గుండ్రంగా ఉన్న వైఫై పెట్టె మీద దీపం నారింజ రంగులో వెలుగుతోంది. మొన్నటిదాకా అది తెల్లగా ఉండేది. ఆదివారం పొద్దున కొత్త ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాము, దానంతటదే వచ్చి కూర్చుంది. మీ ఇంటి నెట్టు ఇక మరింత వేగంగా ఉంటుందని, భర్తకి అన్న అయిన బావగారి ఫోనుకి మెసేజి కూడా వచ్చిందట. ఆ రోజు నుంచీ ఇదీ వరస.

*

ఈ ఇల్లు ఒకప్పుడు ఒకే ఇల్లు. ఇప్పుడు ముందు భాగం అన్నది, వెనక భాగం తమ్ముడిది, అంటే టీచరు భర్తది. మధ్యలో అత్తగారి గది. దానికి రెండు తలుపులు. ఒకటి అన్న వైపు తెరుచుకుంటుంది, ఒకటి తమ్ముడి వైపు.

గోడలు పాతకాలానివి, మూరెడు మందం. ఒక మూల రౌటర్ పెడితే ఇంకో మూలకి అందదు. అందుకని తమ్ముడు ముచ్చటపడి మెష్ వైఫై తెచ్చి, మూడు పెట్టెలు మూడు చోట్ల పెట్టాడు. ముందు హాల్లో ఒకటి, మధ్యగదిలో ఒకటి, వెనక ఒకటి. ముందుది మధ్యదానికి అందిస్తే, మధ్యది వెనకదానికి అందిస్తుంది. అత్తగారు వాటిని చూసి "ఇవేం గుడ్లురా, పొదగాలా వీటిని" అంది. ఆ రోజు నుంచీ ఇంట్లో అందరికీ అవి గుడ్లే.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచీ మధ్యగది తలుపులకి రెండు వైపులా తాళాలే. తప్పు నీదంటే నీదని అన్నదమ్ములు నలుగురిలో తిట్టుకుని, ముందుగా ఆ గది తలుపు తీసినవాడే తప్పు ఒప్పుకున్నట్టని పంతం పట్టారు. ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. నెట్టు ఒక్కటే ఇంకా ఉమ్మడిగా ఉంది. అదీ ప్రేమతో కాదు, ముందు తెంపిన మాట తన మీదికి ఎందుకు రావాలని.

ఆ తాళాల వెనక, మధ్యగుడ్డు వెలుగుతూనే ఉంది.

*

మధ్యాహ్నం టీచరు భర్త భోజనానికి వచ్చాడు. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. వీధిలో అన్నని లిఫ్టాయన అనీ, ఈయన్ని అద్దాలాయన అనీ అంటారు. అన్న పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు.

టీచరు వడ్డిస్తూ పాప సంగతి చెప్పింది. ఆయన తలెత్తకుండా విన్నాడు. మళ్లీ దుకాణానికి వచ్చి అక్కణ్ణించి పాఠం చెప్పుకోమన్నాడు.

"నిన్న చెప్పానుగా. నేను పిల్లాణ్ణి బంతి అనమంటే, పక్కన మీ కస్టమరు గోడమీద అక్షరాలు చదువుతున్నాడు. పిల్లాడు అవన్నీ అప్పజెప్పాడు."

ఆయన పెదవుల చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అనుకుంది టీచరు. ఆ ధైర్యంతోనే అసలు మాట తీసింది. మధ్యగుడ్డుని ఒకసారి ఆపి మళ్లీ వెయ్యాలి, అది బావగారి సాయం లేకుండా కుదరదేమో, ఒక్క మాట అడిగి చూడమంది.

"నన్నడక్కు" అన్నాడాయన.

"ఆయన ఫోన్లో రెండు నొక్కులు నొక్కితే అయిపోయే పనేమో."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నొక్కడం గురించి నాకు చెప్పకు."

పళ్లెంలో అన్నం చల్లారింది.

అత్తగారు గుండెజబ్బు మనిషి. మెళ్లో చిన్న గంట బిళ్ల వేసుకునేది. దాన్ని నొక్కితే మధ్యగుడ్డు ద్వారా ఇంటిల్లిపాది ఫోన్లూ మోగుతాయి. ఆ ఏర్పాటూ తమ్ముడిదే. ఆ రోజు మధ్యాహ్నం ఆయన దుకాణంలో ఖాళీగా కూర్చుని, ఫోన్లో అప్‌డేట్ వచ్చిందని చూసి నొక్కాడు. సాయంత్రానికి అత్తగారు లేదు. గంట బిళ్ల ఆవిడ పిడికిట్లో ఉంది. ఎవరి ఫోనూ మోగలేదు.

ఇంటినిండా మనుషులుండగా అన్న అన్నాడు, "నడుస్తున్న మెషీన్ని కదిలించొద్దని చెప్పానా? నీ అప్‌డేటే అమ్మని మింగింది." నువ్వే గుడ్డుని ఎక్కడో కదిలించి ఉంటావని తమ్ముడు ఎదురు తిరిగాడు. నోటితో అలా అన్నాడు కానీ, లోపల అన్న మాటే నమ్మాడు. అది టీచరుకి తెలుసు.

అప్పటినుంచీ ఆయన దేన్నీ అప్‌డేట్ చెయ్యడు. గుడ్ల యాప్ తన ఫోన్లోంచి తీసేశాడు, ఇప్పుడది అన్న ఫోన్లోనే ఉంది. ఫోను మొరపెట్టుకుంటుంది, పట్టించుకోడు. దుకాణంలో కళ్లు పరీక్షించే మెషీను తయారుచేసినవాళ్లు ఫోను చేసి మందలిస్తారు, వింటాడు, ఊరుకుంటాడు. ఇంకో సంగతి టీచరు ఒక్కతే గమనించింది. ఆయన ఫోను మీద కుడిచేతి బొటనవేలు పెట్టడం మానేశాడు. చూపుడువేలితో, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా, ఒక్కో అక్షరం వెతుక్కుంటాడు. అప్పుడప్పుడు ఆ బొటనవేలి వంక చూసుకుంటూ కూర్చుంటాడు.

ఆ తప్పు ఆయనది కాదని ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకి తెలుసు.

ఆ ఇద్దరిలో ఒకామె ఇప్పుడు ఆయనకి మజ్జిగ పోస్తోంది.

*

ఆయన బండి మలుపు తిరిగేదాకా ఆగి, టీచరు గోడకి చెవి ఆనించింది. ముందు భాగంలో కుట్టుమిషను గడగడలాడుతోంది. టీచరు అక్కా అని పిలిచే తోటికోడలు ఇళ్లకీ ఆఫీసులకీ కర్టెన్లు కుడుతుంది. టీచరు గోడమీద వేళ్లతో మెల్లగా తట్టింది.

మిషను ఆగింది.

ఉప్పుడబ్బా అడుగునున్న మారుతాళం చెవి తీసుకుని టీచరు తన వైపు తలుపు తీసింది. అదే వేళకి అటు తలుపూ తెరుచుకుంది. ఫ్లాస్కు పట్టుకుని అక్క లోపలికి వచ్చింది.

బయట ఎదురుపడితే మొహాలు తిప్పుకునే తోటికోడళ్లు వీళ్లు. చూసినవాళ్లు ఔరా అనుకునేలా తిప్పుకుంటారు. అత్తయ్య పోయిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం, ఒకరు చీపురుతో, ఒకరు తడిగుడ్డతో, ఒకరికి తెలియకుండా ఒకరు ఈ గదిలోకి దొంగతనంగా వచ్చి ఎదురుపడ్డారు. ఇద్దరూ కెవ్వుమనబోయి నోళ్లు నొక్కుకున్నారు. అప్పటినుంచీ మగాళ్లు పనుల్లో ఉండే వేళ ఈ గది వీళ్లది. తుడుస్తారు, దుప్పటి మారుస్తారు, అత్తయ్య మంచం మీద చెరోవైపు కూర్చుని టీ తాగుతారు. మగవాళ్ల సంగతి మాట్లాడుకోరు.

"ఇవాళ నన్ను కూర్చోబెట్టకక్కా. దీన్ని ఆపి మళ్లీ వేస్తాను" అంది టీచరు, బల్లమీది గుడ్డుని చూపించి. దాని దీపం కూడా నారింజ రంగే.

"వద్దే. ముట్టుకోకు."

"పాప కథ చెప్తోందక్కా. మొదటిసారి. నేను వెక్కిరించాననుకుని లేచిపోయింది."

అక్క ఇంకేం అనలేదు. టీచరు ప్లగ్గు పీకింది. దీపం ఆరిపోయింది. గది ఒక్కసారిగా ఇంకాస్త ఖాళీ అయినట్టనిపించింది.

ఆ ఆరిపోయిన గుడ్డుని చూస్తూ అక్క మంచం అంచున కూలబడింది. మళ్లీ అదే పాట మొదలవుతుందని టీచరుకి తెలుసు. చాలా నెలల కిందట ఒకసారి చెప్పింది. ఆ తర్వాత చెప్పకుండా ఉండలేకపోతోంది.

ఆ రోజు అత్తయ్యకి కునుకు పట్టలేదు. ఈ దీపం కంట్లో గుచ్చుకుంటోందే, ఎక్కడన్నా దాచవే అంది. అక్క దాన్ని ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బాలో కూర్చోబెట్టి, తీగ అంచులోంచి బయటికి లాగి, మూత పెట్టింది. అత్తయ్య హాయిగా ఉందే అని నవ్వి పక్కకి తిరిగి పడుకుంది. అక్క కర్టెన్లు ఇచ్చిరావడానికి వెళ్లింది. రేకు సిగ్నల్‌ని బయటికి పోనివ్వదని, డబ్బాలో పెడితే గుడ్డు మూగదైపోతుందని ఎవరికి తెలుసు? తెలిశాక మాత్రం ఆమెకి నిద్ర లేదు.

"నేను తిరిగొచ్చేసరికి గుడ్డు బల్లమీద ఉంది. డబ్బాలో లేదు" అంది అక్క, ఎప్పటిలాగే గుడ్డుతో చెబుతున్నట్టు. "అంటే అత్తయ్యే తీసి ఉంటుంది. గంట నొక్కింది, ఎవరం రాలేదు. అర్థమైంది ఆవిడకి. ఆ నొప్పితో లేచింది. మూత తీసింది. బయట పెట్టింది. వెళ్లి మళ్లీ పడుకుని మళ్లీ నొక్కింది. అప్పటికి టైమయిపోయింది. ఒంటరిగా ఎంత పాకులాడిందో."

టీచరు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఓదార్పు మాటలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఈ ఒక్క మాట భర్తకి చెబితే ఆయన బొటనవేలు ఆయనకి తిరిగొస్తుంది. చెబితే అక్క ఈ ఇంట్లో తలెత్తుకుని తిరగలేదు. బావగారి కోపం ఎలాంటిదో ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. తమ్ముణ్ణే వదలని మనిషి పెళ్లాన్ని వదులుతాడా? నన్ను బయటపెట్టకే, నీ కాళ్లు పట్టుకుంటాను అంది అక్క. టీచరు సరేనంది. అంటే ఇన్నాళ్లూ ప్రతి పూటా, భర్త కళ్లముందు, ఆ సరేని మళ్లీ మళ్లీ అంటూనే ఉంది.

ఆమె మళ్లీ ప్లగ్గు పెట్టింది.

దీపం తెల్లగా వెలిగింది. నారింజ రంగుకి తిరిగింది. కాసేపటికి ఎర్రబడి, అలాగే ఉండిపోయింది.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కాక ఒకసారి ఆరిపోతే, ఆ పెట్టె తన ఇంటినే తను గుర్తుపట్టదు. బావగారి ఫోను నుంచి మళ్లీ కొత్తగా కలుపుకోవాలి. ఈ సంగతి వాళ్లకి తెలియదు. తెలిసింది ఒక్కటే, మంచం మీదున్న అక్క ఫోను మోగుతోంది.

బావగారు.

"ఆయన ఫోన్లో తెలిసిపోయినట్టుంది" అంది అక్క. తీయలేదు. ఆ గదిలో ఫోను మోగి మోగి ఆగిపోవడం ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

కళ్లెత్తితే టీచరుకి బీరువా కనిపించింది. దాని నెత్తిమీద, గోడ పక్కన, బిస్కెట్ల డబ్బా. మూత బిగించి ఉంది. వాళ్లిద్దరూ ఎప్పుడూ దానివైపు చూడరు, దుమ్ము కూడా దులపరు.

ఇవాళ చూసింది. చూసి, ఆలోచనలో పడింది. ఆ బీరువా నెత్తి తనకి స్టూలు ఎక్కితే కానీ అందదు. అత్తయ్య తనకంటే పొట్టి.

"అక్కా, ఆ డబ్బాని అక్కడ నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతాను? నేను బల్లమీదే..."

అక్క కూడా తలెత్తి చూసింది.

ఫోను మళ్లీ మోగింది.

*

పొద్దు వాలకముందే వాకిట్లో రెండు బళ్లు ఆగిన చప్పుడయింది. ఒకదాని వెంట ఒకటి.

బావగారు తిన్నగా కళ్లజోళ్ల దుకాణానికే వెళ్లాడట. అద్దాలు పెట్టుకుని చూసుకుంటున్న జనం మధ్యలో నిలబడి తాళం తీశావా అని అడిగాడట. తమ్ముడు తియ్యలేదన్నాడు. ఆ తర్వాత దారిపొడుగునా ఇద్దరిలో ఎవరూ వెనకబడలేదు.

ఏడాది తర్వాత బావగారు వెనక భాగం గడపలో నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, ద్వారబంధం కింద తల వంచాలి. చేతులకి గ్రీజు అలాగే ఉంది.

తమ్ముడు జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "నాది నా దగ్గరే ఉంది."

"నాదీ నా దగ్గరే ఉంది. మరి ఆ గుడ్డు తనంతట తనే ప్లగ్గు పీక్కుందా?"

"నీ గుడ్డుని నువ్వే అడుగు."

"నేనే పీకాను బావగారూ" అంది టీచరు.

పాప సంగతి చెప్పింది. ఇన్నాళ్లుగా గదిలోకి వెళుతున్న సంగతీ చెప్పింది. ఒక్కదాన్నే అని అబద్ధం ఆడబోయింది. ఈలోగా ఎప్పుడు వచ్చిందో, పక్క సందులోంచి అక్క వచ్చి భర్త వెనక నిలబడి ఉంది. "ఇద్దరం వెళుతున్నాం" అంది.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా తాము కాపలా కాస్తున్న పంతం ఎప్పుడో మధ్యాహ్నాలప్పుడు చాటుగా కరిగిపోయిందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైనట్టుంది. తిట్టడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

చివరికి బావగారే అన్నాడు, మళ్లీ కలిపితే కానీ అది పని చెయ్యదని, తన ఫోనే కావాలని, గదిలో ఉండే చెయ్యాలని. ఎవరు ముందన్న పేచీ లేకుండా రెండు తలుపులూ ఒకేసారి తీద్దామన్నాడు. అంటూ అక్కతో కలిసి చుట్టూ తిరిగి ముందు భాగంలోకి వెళ్లాడు.

రెండు తాళాలు ఒకేసారి క్లిక్కుమన్నాయి.

ఎదుటి గుమ్మంలో బావగారు తలుపు తీసి కూడా ఒక్క క్షణం ఆగాడు. ముందు కిందికి చూసి, తర్వాత అడుగుపెట్టాడు. తలుపు తెరుచుకున్నంత మాత్రాన లోపల నేల ఉంటుందని నమ్మని అలవాటు, లిఫ్టులు నేర్పింది.

తమ్ముడు లోపలికి వచ్చి, ఉతికి పరిచిన దుప్పటిని చూశాడు. బల్లమీద రెండు టీ గ్లాసులు. దిండు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

బావగారు దుప్పటి చూడలేదు. గ్లాసులు చూడలేదు. ఎర్రగా వెలుగుతున్న గుడ్డునీ చూడలేదు. ఆయన కళ్లు తిన్నగా బీరువా నెత్తిమీదికి వెళ్లాయి. ఒక్క రెప్పపాటు. డబ్బా అక్కడే ఉందని చూసుకుని దిగివచ్చాయి.

టీచరు ఆ చూపు పట్టుకుంది.

ఆయన ఫోను తీసి ఏవేవో నొక్కాడు. తర్వాత తమ్ముడితో, మొహం చూడకుండా, గుడ్డు వెనక చిన్న బటన్ ఉంటుంది, దీపం తెల్లబడేదాకా నొక్కి పట్టుకోమన్నాడు.

తమ్ముడు కదలలేదు.

"నొక్కరా."

"నేను నొక్కను."

"ఇంకెన్నాళ్లురా ఈ పంతం?"

"పంతం కాదన్నయ్యా." తమ్ముడు కుడిచేతిని గుప్పిట మూసి, బొటనవేలిని లోపల దాచుకున్నాడు. ఏడాది తర్వాత ఆయన నోట అన్నయ్యా అన్న పిలుపు వచ్చింది, అదీ ఇలా వచ్చింది. "ఈ వేలితోనే నొక్కాను. దుకాణంలో ఏమీ తోచక నొక్కాను. అమ్మ అక్కడ గంట కొడుతుంటే. మళ్లీ దీన్ని దానికి తగలనివ్వను. నువ్వన్నది నిజం. నేనే చంపాను."

అక్క గొంతులోంచి ఏదో తెగినట్టు శబ్దం వచ్చింది. "మీ వేలు కాదు మరిదిగారూ..."

"నువ్వూరుకో" అన్నాడు బావగారు.

"ఊరుకోను. ఇన్నాళ్లూ ఊరుకున్నాను." అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "దాన్ని రేకు డబ్బాలో పెట్టింది నేను. మూత పెట్టింది నేను. దీపం కళ్లలో పడుతోందంటే పెట్టాను. అప్‌డేటూ లేదు, ఏమీ లేదు. అత్తయ్య పాపం ఆ నొప్పితో లేచి, పాక్కుంటూ వచ్చి, డబ్బాలోంచి తీసుకుని..."

"అమ్మ లేవలేదు" అన్నాడు బావగారు.

అక్క ఆయన వైపు తిరిగింది.

"అమ్మ లేవలేదు. పాకలేదు. నేను వచ్చేసరికి పక్కకి తిరిగి, పడుకున్నట్టే ఉంది." ఆయన గ్రీజు చేతుల్ని చూసుకుంటూ మాట్లాడుతున్నాడు. "డబ్బాలోంచి తీసింది నేను. మీరంతా రాకముందే తీసి బల్లమీద పెట్టాను. డబ్బాని పైన పెట్టాను."

అక్క మోకాళ్ల మీద కూలిపోయింది. మంచం కోడు పట్టుకుని, లేవలేదు, లేవలేదు అని అదే మాట అనుకుంటూ ఏడ్చింది. ఏడాదిగా ఆమె కళ్లముందు ప్రతి మధ్యాహ్నం లేచి పాకుతున్న మనిషి, ఇప్పటికి పక్కకి తిరిగి పడుకుంది.

తమ్ముడు మాత్రం ఏడవలేదు. అన్న మొహంలోకి చూశాడు.

"నీకు తెలుసా? ఆ రోజే తెలుసా?"

"మీ వదిన నేలమీద పడి దొర్లుతోందిరా. డబ్బా వల్లే మోగలేదని తెలిస్తే బతకదనిపించింది. జనం ఎందుకు మోగలేదు, ఎందుకు మోగలేదు అని అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పాలి." ఆయన గొంతు బాగా తగ్గింది. "నువ్వైతే తట్టుకుంటావనుకున్నాను."

తమ్ముడు గుప్పిట మెల్లగా విప్పాడు. బొటనవేలిని, ఎవరిదో వేలిని చూసినట్టు చూశాడు. తర్వాత వంగి, దాన్ని గుడ్డు వెనక బటన్ మీద ఆనించి నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు.

ఎరుపు నారింజ అయింది. నారింజ వెలుగు ఆరుతూ వెలుగుతూ తడబడింది. తర్వాత నిలకడగా, తెల్లగా నిలిచింది.

ఆయన బటన్ వదల్లేదు. వంగినవాడు వంగినట్టే తల తిప్పి భార్య వైపు చూశాడు. అక్క ఏడుస్తోంది, అన్న తలదించుకున్నాడు. ఆ గదిలో ఆశ్చర్యపడాల్సిన మనిషి ఒకరు మిగిలారు. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. డబ్బా మాట వచ్చినప్పుడూ లేదు. అది ఆయన అప్పుడే చూశాడు, ఇప్పుడు అర్థం చేసుకున్నాడు.

"నువ్వు?" అన్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

వెనక భాగంలో ఆమె లాప్‌టాప్ మోగడం మొదలెట్టింది. ఎక్కడా తెగకుండా, స్పష్టంగా. పాపే అయి ఉంటుంది, కథ మధ్యలో ఆగిపోయిందిగా.

టీచరు అటు కదల్లేదు. చెప్పడానికి నోరు తెరిచింది. పెదవులు కలిశాయి, విడివడ్డాయి. మొదటి అక్షరం మీదే ఆమె మాట పట్టేసింది, ఎంత తోసినా ముందుకి రాలేదు.

ఆయన ఎదురు చూస్తున్నాడు.